త్రిపురలో సొంత గడ్డ మీదే గిరిజనులు మైనారిటీ ఎలా అయ్యారు?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. త్రిపురలో ఒకప్పుడు సగం మంది ఉన్న గిరిజనులు ఇప్పుడు మూడో వంతుకు ఎందుకు పడిపోయారు? బెంగాలీలు ఎక్కువమంది పిల్లల్ని కనడం వల్లనా, సరిహద్దు దాటి రావడం వల్లనా? రేపు మన ఏజెన్సీలో కూడా ఇదే జరుగుతుందా? గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నానన్నారు కాబట్టి అంకెలు చెబుతాను. కానీ అంకెల దగ్గరే ఆగిపోతే సగం జవాబే అవుతుంది. అక్కడ జనాభా నిష్పత్తి మారింది దేశ విభజన వల్ల. ఆ మార్పు మనుషుల మధ్య పగగా మారింది మాత్రం భూమి వల్ల. ఈ రెండింటినీ కలిపేసి రాస్తారు చాలామంది. అక్కడే పొరపాటు జరుగుతుంది.

నేను పెరిగింది ఏజెన్సీ అంచున ఉన్న నర్సీపట్నంలో. 1996 నుంచి ఏడేళ్ళు త్రిపురలో భూమి రికార్డులు, వ్యవసాయ గణనకు సంబంధించిన పనిలో ఉన్నాను. అప్పట్లో అగర్తలా నుంచి అస్సాం వైపు వెళ్ళే రోడ్డు మీద తెలియామురా దాటాక వాహనాలన్నీ ఒకచోట ఆపేసి, ముందూ వెనకా బలగాలు ఉంటేనే కదలనిచ్చేవారు. కొండల్లోకి వెళ్ళాలంటే ఇంట్లోవాళ్ళకి రెండు రోజుల ముందు నుంచే టెన్షన్. ఆ కాలంలో గ్రామాలు తిరిగి చూసినదీ, ఆ తర్వాత చదివి సరిచూసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ముందు సెన్సస్ చూడండి. 1901లో త్రిపుర సంస్థానం మొత్తం జనాభా 1,73,325. అందులో గిరిజనులు దాదాపు 53 శాతం. అంటే అప్పటికే దగ్గర దగ్గర సగం మంది గిరిజనేతరులు. ఇది చాలామందికి తెలియదు. 1947కి ముందు అక్కడ బెంగాలీలే లేరన్నట్టు మాట్లాడతారు. 1941కి జనాభా 5,13,010 అయింది. నలభై ఏళ్ళలో మూడింతలు. అయినా గిరిజనుల వాటా 50 శాతం దగ్గరే నిలబడింది. అటు మైదానాల నుంచి బెంగాలీ రైతులు వచ్చారు, ఇటు చిట్టగాంగ్ కొండల వైపు నుంచి పోడు చేసుకునే గిరిజన కుటుంబాలూ వచ్చాయి. ఇద్దరూ కలిసి పెరిగారు.

బెంగాలీలను పిలిచింది రాజులే. మాణిక్య రాజులు స్వయంగా తిప్రాసాలే అంటే స్థానిక గిరిజన జాతివాళ్ళే. కొండల్లో పోడు చేసే కుటుంబం దగ్గర ఖజానాకి వచ్చేది ఇంటికింత అని వేసే పన్ను మాత్రమే, దాన్ని ఘర్‌చుక్తి అనేవారు. నాగలి కట్టి వరి పండిస్తే శిస్తు వస్తుంది. అందుకని అడవి కొట్టి సాగులోకి తెచ్చేవాళ్ళకి కౌళ్ళిచ్చి రప్పించారు. పైగా రాజావారికి ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కుమిల్లా వైపు చక్లా రోష్నాబాద్ అనే పెద్ద జమీందారీ ఉండేది. రాజ్యానికి ముఖ్యమైన ఆదాయం అక్కడి నుంచే. దర్బారు భాష బెంగాలీ, గుమాస్తాలు, వకీళ్ళు, మాస్టార్లు బెంగాలీలు. తిప్రాసాల సొంత భాష కొక్‌బరోక్‌కి వాళ్ళ రాజుల కొలువులోనే చోటు లేదు. ఆ భాషకి అధికార హోదా వచ్చింది 1979 జనవరి 19న. ఇప్పటికీ ఆ తేదీని కొక్‌బరోక్ దినంగా జరుపుకుంటారు.

ఇక అసలు మలుపు. 1941లో ఢాకా జిల్లా రాయపురాలో గొడవలు జరిగినప్పుడే ఒక విడత శరణార్థులు వచ్చారు. 1946లో నవాఖలీ అల్లర్లు, ఆ వెంటనే విభజన. చక్లా రోష్నాబాద్ పాకిస్తాన్‌లోకి పోయింది. త్రిపురకి మూడు వైపులా పరాయి దేశం, 856 కిలోమీటర్ల సరిహద్దు. అగర్తలా ఊరి చివర నిలబడితే ఎదురుగా సరిహద్దు అవతలి అఖావురా. 1949 అక్టోబర్ 15న సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసింది. 1951లో జనాభా సుమారు 6.39 లక్షలు, 1961లో 11.42 లక్షలు. పదేళ్ళలో 78.7 శాతం పెరుగుదల.

మీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. అదే దశాబ్దంలో దేశం మొత్తం పెరిగింది 21.5 శాతం. త్రిపుర కూడా ఆ లెక్కనే పెరిగి ఉంటే 1961కి 7.8 లక్షల లోపే ఉండాలి. మిగిలిన మూడున్నర లక్షలకు పైగా మనుషులు ఊయలల్లోంచి రాలేదు, సరిహద్దు దాటి వచ్చారు. ఈ పద్ధతి పరీక్షలో కూడా పనికొస్తుంది: ఒక ప్రాంతం పెరుగుదల చుట్టుపక్కల కంటే అంత ఎక్కువగా ఉంటే, ముందు వలస వైపు చూడాలి, కాన్పుల వైపు కాదు. 1947 నుంచి 1971 దాకా త్రిపురకి వచ్చిన శరణార్థులు దాదాపు ఆరు లక్షలు. గిరిజనుల వాటా 1951లో 37 శాతం, 1961లో 31.5, 1971లో 29, 1981లో 28.4. అదే అట్టడుగు.

ఒక్కటి మరిచిపోకండి. వాటా తగ్గిందంటే మనుషులు తగ్గారని కాదు. 1951లో రెండున్నర లక్షల లోపున్న గిరిజనులు 2011కి 11.67 లక్షలయ్యారు. వాళ్ళూ అయిదింతలు దాకా పెరిగారు. చుట్టూ ఉన్న జనం అంతకంటే వేగంగా పెరిగారు.

నేను అగర్తలాలో అద్దెకున్న ఇంటావిడని మాసీమా అని పిలిచేవాడిని. 1950 గొడవల్లో బ్రాహ్మణ్‌బరియా దగ్గరి పల్లె నుంచి ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని, ఒక ఇత్తడి బిందెతో వచ్చిన మనిషి. అక్కడ అగర్తలాలో పుట్టిన కుర్రాళ్ళని కూడా "మీ దేశేర్ బాడి ఎక్కడ" అని అడుగుతారు, అంటే మీ అసలు ఊరేది అని. వాళ్ళు ఎన్నడూ చూడని కుమిల్లా పేరో, సిల్హెట్ పేరో చెబుతారు. మాసీమాకి శరణార్థుల కోటాలో కొంచెం మెట్ట భూమి, టిల్లా అంటారు దాన్ని, కొద్దిగా అప్పు ఇచ్చారట. మొదటి ఏడాది పాములు, మలేరియా. చిన్నపిల్లాడు అక్కడే పోయాడు. ఒకరోజు సాయంత్రం బియ్యం ఏరుతూ చెప్పింది: "ఆఫీసు మనిషి వచ్చి ఇదిగో ఇక్కడ అని చూపించాడు బాబా. ఇది ఎవరిది అని మేము అడగలేదు. అడగాలని తోచే స్థితిలో లేము." నా ఉద్యోగంలో నేను విన్న అతి నిజమైన మాట అదే. త్రిపుర గురించి ఎవరైనా చొరబాటుదార్లు అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు ఆమె గుర్తొస్తుంది.

కానీ ఆ టిల్లా ఎవరిదో ఒకరిది. ఈ వైపు కథ కూడా అంతే శ్రద్ధగా వినాలి.

మహారాజా బీర్ బిక్రమ్ ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టాడు. 1931లో 110 చదరపు మైళ్ళు, 1943లో మరో 1,950 చదరపు మైళ్ళు అయిదు గిరిజన తెగల కోసం రిజర్వు చేశాడు. అప్పటి రాజ్యంలో దాదాపు సగం నేల అది. ఆయన 1947 మేలో చనిపోయాడు. 1948లోనే, వారసుడు చిన్నవాడు కావడంతో అతని తరఫున నడిచిన రీజెన్సీ పాలనలో ఆ రిజర్వులో 300 చదరపు మైళ్ళు శరణార్థుల కోసం తెరిచేశారు. ఆ తర్వాత మిగతా రిజర్వు కూడా పేరుకే మిగిలింది. 1960 భూసంస్కరణల చట్టంలో 187వ సెక్షన్ పెట్టి, గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోవాలంటే కలెక్టర్ రాతపూర్వక అనుమతి ఉండాలన్నారు. అప్పటికే చాలా భూమి చేతులు మారింది. చట్టం వచ్చాక కూడా తెల్లకాగితాల మీద మారుతూనే ఉంది.

ఎలా మారిందో మన ఏజెన్సీ వాళ్ళకి వివరంగా చెప్పక్కర్లేదు. అక్కడ దాదన్ అంటారు. పోడు కోతకి ముందు, ఇంట్లో గింజలు అయిపోయే నెలల్లో, షావుకారు కొంత డబ్బో ఉప్పో బట్టో ఇస్తాడు. పంట వచ్చాక పత్తీ, జనుమూ, నువ్వులూ అతను చెప్పిన రేటుకి అతనికే పోయాలి. రెండేళ్ళు పంట పోతే కింద ఉన్న వరి మడి తాకట్టు. వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో, అది ఏ భాషలో ఉందో వేసినవాడికి తెలియదు. నేను చూసిన ఒక ఫైల్లో ఒకే వేలిముద్ర కింద మూడు వేర్వేరు సంవత్సరాల్లో మూడు వేర్వేరు విస్తీర్ణాలు రాసి ఉన్నాయి. 1967లో పుట్టిన గిరిజన పార్టీ త్రిపుర ఉపజాతి జుబ సమితి ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి పోయిన భూమి తిరిగి ఇప్పించమని. 1974 సవరణలో ప్రభుత్వం ఒక గీత గీసింది: 1969 జనవరి 1 తర్వాత పోయిన భూమి మాత్రమే వెనక్కి వస్తుంది. ఆ తేదీకి ముందు పోయింది పోయినట్టే. శరణార్థుల పెద్ద కెరటం 1950లలో వచ్చింది, భూమి ఎక్కువగా పోయిందీ అప్పుడే. మరి ఆ గీత ఎవరికి మేలు చేసిందో మీరే ఆలోచించండి.

దీని తర్వాత డుంబూర్. పోలవరం చూసినవాళ్ళకి ఇది గుండెకి తగులుతుంది. గోమతి నది మీద తీర్థముఖ్ దగ్గర ఆనకట్ట కట్టి, 1976లో కరెంటు తీయడం మొదలుపెట్టారు. సామర్థ్యం 15 మెగావాట్లకు మించదు. పోల్చుకోవడానికి చెబుతున్నాను, అదే రాష్ట్రంలో తర్వాత వచ్చిన పాలటానా గ్యాస్ కేంద్రం సామర్థ్యం 726 మెగావాట్లు. ఆ కొద్దిపాటి కరెంటు కోసం మునిగింది రాయిమా లోయ. కొండల మధ్య చదునైన సారవంతమైన నేల, గిరిజనులు పోడు మానేసి నాగలి పట్టి వరి పండించడం నేర్చుకున్న చోటు. పునరావాసం లెక్కలోకి వచ్చినవి 2,558 కుటుంబాలు. పట్టా కాగితం చూపించగలిగినవాళ్ళన్నమాట. కాగితం లేనివాళ్ళు వాళ్ళకంటే చాలా ఎక్కువ.

తీర్థముఖ్‌లో మన సంక్రాంతి రోజునే పెద్ద జాతర జరుగుతుంది. చనిపోయినవాళ్ళ అస్థికలు అక్కడ నదిలో కలుపుతారు. 1998లో నేను వెళ్ళినప్పుడు గండాచెర్రా వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన భార్య అస్థికలు కలిపి వచ్చి, గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. చలికాలం, నీళ్ళు కొంచెం దిగి ఉన్నాయి. చేయి చాపి నీళ్ళ మధ్యన తేలిన ఒక మట్టి దిబ్బని చూపించి, దానికి ఎడమ పక్క మా పొలం అన్నాడు. ఎంత భూమి అని అడిగాను. ఎకరాల్లో చెప్పలేదు, ఎన్ని బుట్టల ధాన్యం వచ్చేదో చెప్పాడు. నష్టపరిహారం వచ్చిందా అంటే, "కాగితం అడిగారు. మా నాన్న చేసిన పొలానికి కాగితం ఎందుకుంటుంది?" అన్నాడు. ఇప్పుడేం చేస్తున్నారంటే పైన వాలు మీద మళ్ళీ పోడు. నాగలి నేర్చుకున్న మనిషి కొడుకు తిరిగి కొడవలీ నిప్పూ పట్టుకున్నాడు. ఆ పైన ఫారెస్టు వాళ్ళు వచ్చి, పోడు చేస్తే అడవి పాడవుతుందని కేసు పెడతారు.

ఇంత జరిగాక 1980 జూన్ వచ్చింది. మాండాయ్‌లో బెంగాలీ పల్లెవాసులను వందల సంఖ్యలో చంపేశారు. ప్రతీకారంగా గిరిజన పల్లెలు తగలబెట్టారు. రెండు వైపులా వేలమంది శిబిరాల పాలయ్యారు. ఆ దారుణానికి ఏ కారణమూ సమర్థన కాదు. అయితే దాన్ని జాతి వైరం అని రాసి వదిలేస్తే, ముందు ముప్పై ఏళ్ళలో వేలిముద్రల కింద జరిగినదంతా కనబడకుండా పోతుంది. గిరిజన ప్రాంతాల స్వయంపాలన మండలి చట్టం 1979లోనే పాసయింది, 1982లో మండలి ఏర్పడింది, 1985లో రాజ్యాంగంలోని ఆరో షెడ్యూల్ కిందికి వచ్చింది. రాష్ట్ర భూభాగంలో మూడింట రెండొంతులకు పైగా దాని పరిధిలో ఉంది. తర్వాత కూడా ఇరవై ఏళ్ళు మిలిటెంట్ల తుపాకులు మోగాయి, నేను పనిచేసిన రోజులు అందులోవే.

ఇప్పుడు సోషల్ మీడియాలో తిరిగే మాట ఒకటి సరిచేయాలి: గిరిజనుల శాతం ఏటేటా పడిపోతూనే ఉందని. అది తప్పు. 1981లో 28.4 ఉన్నది 1991లో 30.95, 2001లో 31.05, 2011లో 31.8. 1991 తర్వాత రాష్ట్ర పెరుగుదల దేశ సగటు కంటే తక్కువ: 1991-2001లో దేశం 21.5 శాతం, త్రిపుర 16. 2001-11లో దేశం 17.7, త్రిపుర 14.8. 1971 యుద్ధకాలంలో 13 లక్షలకు పైగా శరణార్థులు వచ్చారన్నది నిజం, అప్పటికి రాష్ట్ర జనాభాయే 15.56 లక్షలు. కానీ వాళ్ళలో అత్యధికులు బంగ్లాదేశ్ ఏర్పడగానే తిరిగి వెళ్ళిపోయారు. కొంతమంది ఉండిపోయారు, ఆ తర్వాతా కొద్దికొద్దిగా వచ్చారు. అయినా 1950ల కెరటాన్ని ఇవాళ్టి వార్తకి అంటించకూడదు. ఇవాళ తిప్రాసా యువకుడి బాధ వాటా తగ్గుతోందని కాదు, తగ్గిన చోటే స్థిరపడిపోయిందని. 60 సీట్ల అసెంబ్లీలో 20 మాత్రమే రిజర్వు. ముఖ్యమంత్రి ఎవరు కావాలో ఆ 20 తేల్చలేవు. 2021లో మండలి ఎన్నికల్లో 28కి 18 సీట్లు గిరిజనుల పార్టీ తిప్రా మోథా కూటమికి వచ్చాయంటే, 2023లో అసెంబ్లీలో ఆ పార్టీకి 13 వచ్చాయంటే దాని వెనకున్నది ఇదే ఆవేదన.

గిరిజనులు అని ఒకే ముద్ద చేసి రాయకండి, అక్కడ 19 షెడ్యూల్డ్ తెగలున్నాయి. సంతాల్, ముండా, ఒరావ్ కుటుంబాలు తేయాకు తోటల కూలీలుగా వచ్చినవి. 1997లో మిజోరం నుంచి తరిమివేయబడిన బ్రూ తెగవాళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా ఉత్తర త్రిపుర శిబిరాల్లో బతికారు. 2020 జనవరి ఒప్పందంతో వాళ్ళని త్రిపురలోనే స్థిరపరచాలని నిర్ణయించారు. గిరిజన రాష్ట్రం నుంచి గిరిజనులే శరణార్థులై రావడం అంటే, ఎవరు స్థానికులు అన్న ప్రశ్న ఎంత చిక్కుదో చూడండి.

మన ఏజెన్సీ సంగతి. చట్టం వరకు మనది గట్టిది. 1959 భూబదిలీ నిబంధనలకు 1970లో చేసిన సవరణ, మనం 1/70 అనేది, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకుండా ఆపుతుంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదే అనుకుని విచారణ మొదలుపెట్టమంటుంది. త్రిపుర 187వ సెక్షన్ అంత దూరం వెళ్ళలేదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు గనుల లీజులకు కూడా అడ్డుగోడ కట్టింది. కానీ త్రిపురకి ఆరో షెడ్యూల్ కింద ఎన్నికైన మండలి ఉంది, మనది అయిదో షెడ్యూల్, సలహా మండలితో సరి. నిర్ణయం గవర్నరు పేరు మీద, నిజంగా మంత్రివర్గం చేతుల్లో. పైగా మన దగ్గర మార్పు శరణార్థుల రూపంలో ఒక్క కెరటంగా రాలేదు. రోడ్డు వేశాక, గని తవ్వాక, సంత పెద్దదయ్యాక మెల్లగా వచ్చింది. అందుకే జిల్లా అంకెల్లో కనబడదు. మండలం, ఇంకా వీలైతే గ్రామం స్థాయి పట్టికలు చూడాలి. 2011 తర్వాతి జనాభా లెక్కల రిఫరెన్స్ తేదీ 2027 మార్చి 1. ఆ ఫలితాలు వచ్చాక మీరు ముందు తీయాల్సినవి మాతృభాష పట్టిక, గ్రామాల వారీ ఎస్టీ పట్టిక. 2011లో త్రిపురలో మూడింట రెండొంతుల మంది మాతృభాష బెంగాలీ, నాలుగో వంతుకి కొక్‌బరోక్.

మీరు ఆసిఫాబాద్ జిల్లా అని రాశారు. అయితే త్రిపుర దాకా వెళ్ళక్కర్లేదు. కాగజ్‌నగర్ దగ్గర నజ్రుల్‌నగర్, ఈస్‌గాం వైపు తూర్పు బెంగాల్ శరణార్థులను ప్రభుత్వం భూమి ఇచ్చి స్థిరపరిచింది. మాసీమా లాంటి పెద్దవాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళ దగ్గర కూర్చుని, ఏ ఊరి నుంచి వచ్చారో, మొదటి ఏడాది ఎలా గడిచిందో అడగండి. అదే రోజు పక్కనున్న గోండు గూడేనికి కూడా వెళ్ళి, వాళ్ళ తాత సాగు చేసిన చేను ఏది, ఇప్పుడు దాని పట్టా ఎవరి పేరున ఏ సంవత్సరంలో రాసి ఉందో అడిగి రాసుకోండి. రెండు నోట్సూ పక్కపక్కన పెట్టి ఇక్కడ పోస్ట్ చేస్తే, ఎక్కడ ఏ రికార్డు తిరగేయాలో నేను చెబుతాను.